పొయ్యి ఎక్కని పట్టీలు

ఊరిని కాచే పునీతుడు శాంతియాగో పండుగకి ముందురోజు ఉదయం తుల్యెవాల్కో వీధుల్లో ముసురు పట్టింది. ఒదీలియా వంటింట్లో మాత్రం పెనం మీద తోటకూర గింజలు చిటపట పేలుతున్నాయి. ఆ ఏడు పండుగ జరిపించే పెద్దాయన, అంటే పండుగ పెద్ద, ఇంటికి వచ్చే అతిథులకి పేలాల పట్టీలు చేసి పంపడం ఏళ్లతరబడి ఆవిడ వంతే. ప్రాణమైనా ఇస్తుంది గానీ ఆ వంతు ఇంకొకరికి ఇవ్వదు.

ఆవేళ బల్లకి అవతలివైపు కూతురు సిత్లాలి ఏదో కలుపుతోంది. పేలాలు, ఓట్స్, వేరుశెనగ ముద్ద, తేనె, ఎండుద్రాక్ష. పొయ్యి జోలికే పోలేదు.

"ఏమే, పందులకి దాణా కలుపుతున్నావా?"

"మనుషులకేనమ్మా. మన పట్టీలే, పాకం లేకుండా."

"పాకం లేకుండానా! ఏమయ్యో, విన్నావా? రేపు పిండి లేకుండా రొట్టెలు కూడా చేస్తుంది నీ కూతురు."

భర్త ఫిదెన్సియో పల్లీల పొట్టు ఊదుతూ, "నన్ను మధ్యలోకి లాగకండి తల్లీ, ఈ పొట్టుతోనే ఉక్కిరిబిక్కిరి అవుతున్నా," అన్నాడు.

సిత్లాలి ముద్దని చెక్క చట్రంలో పరిచి, అరచేత్తో తట్టి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసింది. కత్తి దిగగానే అంతా పొడిపొడిగా రాలింది. ఒదీలియా పగలబడి నవ్వింది. "చూశావా? పాకం పట్టడం రాని పిల్ల పట్టీలు చేస్తానంటే ఇంతే."

నవ్వుతూనే పొయ్యి దగ్గరికి వెళ్లింది. వాళ్ల వీధిలో పాకాన్ని గరిటెతో చూడరు. రెండు వేళ్లు చన్నీళ్లలో ముంచి, మరిగే బెల్లంలోంచి చటుక్కున చిటికెడు తీసి నలుపుతారు. ఒదీలియా అలాగే తీసింది, నలిపింది. "ఇంకా లేతగానే ఉంది," అంటూ మళ్లీ వేళ్లు పెట్టింది. ఈసారి తీయలేదు.

"అమ్మా!" సిత్లాలి ఒక్క అంగలో వచ్చి చెయ్యి లాగింది. వేళ్ల కొసలు ఎర్రగా పొంగిపోయాయి. పాకం మాడిన వాసన ఇల్లంతా నిండింది. ఒదీలియా తన వేళ్లకేసి ఎవరివో అన్నట్టు చూసింది.

"ఎన్నాళ్లయింది స్పర్శ పోయి?"

"ఏం పోలేదు. తడి ఆరింది, అంతే."

"మొన్న మాడిన వాయ నాన్న మీదకి నెట్టావు. చక్కెర జబ్బు నరాలకి పాకిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నానమ్మా."

"అయితే వెళ్లి పండుగ పెద్దకి చెప్పు! మీ బ్రిహీదా అత్త ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉంది, నా వంతు ఆవిడకే ఇచ్చెయ్యమను. లేదా నువ్వే తీసుకో. అందుకేగా పొద్దున్నించీ ఈ తంతు!"

"నీ వంతు నాకెందుకు?" అంది సిత్లాలి. "నిన్ను ఈ పొయ్యి దగ్గర్నించి తప్పించాలి, కానీ ఈ బల్ల దగ్గర్నించి కాదు. నిప్పు లేని పట్టీ ఒకటి కుదిరితే నువ్వే చేసుకుంటావు కదా అని, ఆ దాణా కలిపాను!"

ఒదీలియా ఇన్నాళ్లూ దాచిన భయమంతా కళ్లలోంచి కారింది. ఫిదెన్సియో గబగబా లేచి, చెయ్యి పట్టుకుని చల్లటి నీళ్ల కింద పెట్టాడు. చాలాసేపటికి తడిగుడ్డ చుట్టించుకుని, ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ పొడి ఇలా తే. ఇంకాస్త తేనె వెయ్యి. రొట్టె తట్టినట్టు తడితే ఎలా నిలబడుతుందే? బలం వేళ్లలో కాదు, భుజంలో ఉండాలి."

చట్రం మీద పలక వేసి, మోచేతులు ఆనించి, ఒళ్లంతా బరువు చేసి మూలమూలా నొక్కింది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి కోస్తే ఒక్క గింజ రాలలేదు. "ఇది నాకు రాదమ్మా," అంది సిత్లాలి కళ్లు తుడుచుకుంటూ. "నేర్పిస్తాలే, ఏడవకు," అంది ఒదీలియా, తనే ఏడుస్తూ.

మర్నాడు పండుగ పెద్ద వాకిట్లో బ్రిహీదా ఒక పట్టీ కొరికి, అందరికీ వినబడేలా అడిగింది. "ఏం ఒదీలియా, ఇందులో పాకమేదీ?"

ఒదీలియా కట్టు కట్టిన వేళ్లు దాచుకోలేదు, పైకెత్తి చూపించింది. "నా వేళ్లలో స్పర్శ పోయింది వదినా. ఇక పాకం పట్టలేను. అందుకే నా కూతురు ఇది కనిపెట్టింది. నొక్కింది మాత్రం నేనే."

 బ్రిహీదా ఆ చేతికేసి చూసి, ఇంకో పట్టీ అందుకుంది.