వరస చివర కంచం

పొద్దున్నే ఆ ఇంట్లో పాలు పొంగేలోపే టీవీ పొంగేది. నలుగురు పెద్దమనుషులు నాలుగు గడుల్లో కూర్చుని ఒకరిమీద ఒకరు అరుచుకుంటుంటే, ఐదో పెద్దమనిషి సోఫాలో కూర్చుని ఆ నలుగురి మీదా అరిచేవాడు. ఆయనే ఇంటి యజమాని. కాలిపోయిన నీళ్ళ మోటార్లకి కొత్తగా రాగి తీగ చుట్టే వైండింగ్ షాపు ఆయనది. రోజంతా మోటార్ల హోరులో ఉండి ఉండి, మెల్లిగా మాట్లాడటమనే అలవాటు ఎప్పుడో పోయింది.

"విన్నావా?" వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "బడిలో ప్రతి పిల్లకీ ఉచితంగా అన్నం పెట్టాల్సిందేనట! కార్లో వచ్చి దిగేవాళ్ళకి కూడా! ఎవడబ్బ సొమ్మని? పన్ను కట్టేది నేనూ, ఊరికే కూర్చుని తినేది వాళ్ళూనా?"

"మెల్లిగా అండీ. మీరెంత అరిచినా టీవీలో వాళ్ళకి వినపడదు" అంది చిన్ని, డబ్బాల్లో కూర సర్దుతూ.

పేరుకే చిన్ని. పుట్టింట్లో ఆఖరిది కావడంతో ఆ పిలుపు అలా అతుక్కుపోయింది. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చినా, పళ్ళ డాక్టరు క్లినిక్కులో కౌంటర్ దగ్గర కూర్చుని పేషంట్లందరినీ ఒక్క చూపుతో వరసలో నిలబెట్టగలిగినా, ఇంట్లో మాత్రం చిన్నే. ఆ ఒక్క చూపు మొగుడి మీద పనిచేయదు. అదే ఆవిడ బాధ.

ఆయన కోపంలో అన్యాయమేమీ లేదని ఆవిడకి తెలుసు. ఎండాకాలంలో తవ్విన రోడ్డు వానలొచ్చినా పూడ్చలేదు. షాపు ముందు బురద, బండి ఆగే చోటు లేక బేరాలు సగం పడిపోయాయి. రాగి తీగ ధర కొండెక్కి కూర్చుంది. పోయిన వారమే పన్ను ఆలస్యమైందని జరిమానా వేస్తూ నోటీసు వచ్చింది. ఇదంతా మనసులో పెట్టుకుని ఆ మనిషి మొత్తం ఉక్రోషాన్ని బడిపిల్లల కంచాల మీద వెళ్ళగక్కుతున్నాడు. రోజూ అదే పాట, అదే రాగం. వినీ వినీ చిన్నికి తల వాచిపోయింది.

"అమ్మా, నువ్వూ రా. తినేసెయ్" అని పిలిచింది.

చిన్ని తల్లి పెరట్లో మనవరాలి బట్టలు ఆరేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. భర్త పోయాక కూతురే పట్టుబట్టి తెచ్చి తనింట్లో పెట్టుకుంది. వచ్చిన మొదట్లో కబుర్లతో ఇల్లు నింపేసేది. ఈమధ్య మాట తగ్గింది, తిండీ తగ్గింది. కంచంలో రెండు ముద్దలు పెట్టుకుని, గోడవైపు తిరిగి, పని ఉన్నదానిలా గబగబా తినేసి లేచిపోతోంది. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేస్తోంది.

"అదేం తిండమ్మా?"

"వయసు మీదపడుతోంది కదే. అరగదు. మధ్యాహ్నం వేడిగా వండుకుంటాలే."

చిన్ని నమ్మింది. నమ్మడమే కాదు, ఈ నెల బియ్యం కలిసొచ్చాయని మొన్ననే మొగుడి దగ్గర గొప్పలు కూడా పోయింది.

"ఇవాళ తేల్చేస్తాను" అన్నాడు ఆయన, కంచం ముందుకి జరుగుతూ. "బడిపిల్లల తల్లిదండ్రుల సంఘానికి కబురొచ్చింది. మన పిల్ల చదివే బడిలోనే, పిల్లలతో పాటు ఎవరో బయటి మనుషులు కూడా కూర్చుని తింటున్నారట. మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళి పట్టుకుంటాం. ఆ తర్వాత చూడు, ఆదాయం కాగితం తెచ్చినవాళ్ళకే అన్నం, మిగతావాళ్ళు ఇంటినుంచి తెచ్చుకోవాలని తీర్మానం పెట్టిస్తాను."

వాళ్ళ పిల్ల చేతిలో నీళ్ళగ్లాసు జారి టేబుల్ అంతా తడిసింది. పొద్దస్తమానం కిచకిచలాడుతుందని ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఆ పొద్దున మాత్రం పిచ్చుక నోరు మెదపలేదు, అమ్మమ్మ మొహంకేసి చూసింది. అమ్మమ్మ గుడ్డ తెచ్చి టేబుల్ తుడిచేసి, ఏమీ విననట్టే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చిన్ని ఒక ముసలాయన కట్టుడుపళ్ళ బిల్లు రాస్తుంటే ఫోన్ మోగింది.

"నువ్వు వెంటనే బడికి రా."

"పిచ్చుకకి ఏమైనా అయిందా?"

"పిచ్చుకకి ఏం కాలేదు." ఆ మనిషి గొంతు అంత మెల్లిగా ఉండటం చిన్ని ఎన్నడూ వినలేదు. "మీ అమ్మ. రా."

ఆటోలో కూర్చున్నంతసేపూ చిన్నికి పాడు ఆలోచనలే. అమ్మ ఎక్కడైనా పడిపోయిందా, కళ్ళు తిరిగాయా? అసలు బడికి ఎందుకు వెళ్ళినట్టు?

బడి వరండాలో పిల్లలు రెండు వరసల్లో కూర్చుని తింటున్నారు. స్టీలు కంచాల చప్పుడు, కూర వాసన, మారు కోసం కేకలు. ఒక వరస చివర, స్తంభం పక్కన, కాళ్ళు మడుచుకుని చిన్ని తల్లి కూర్చుని ఉంది. ముందు కంచం. అందులో సగం తిన్న అన్నం. చేతికి మెతుకులు అలాగే ఎండిపోతున్నాయి.

ఎదురుగా చిన్ని మొగుడు. ఫోటో తీద్దామని పట్టుకొచ్చిన ఫోన్ చేతిలోనే ఉంది. వెనక సంఘం వాళ్ళు ఇద్దరు, ఎక్కడ చూడాలో తెలియక పైకప్పు చూస్తున్నారు.

"నేను ఊరికే తినలేదే చిన్నీ." తల్లి కంచం పక్కకి జరిపింది. "మీరంతా వెళ్ళగానే వచ్చి కూరలన్నీ తరిగాను. ఆకుకూర బాగుచేశాను. కావాలంటే వంటమ్మని అడుగు."

చిన్ని వెళ్ళి తల్లి పక్కన నేలమీద కూర్చుంది.

పెద్ద టీచరు ముందుకొచ్చింది. "పిల్ల డబ్బా మర్చిపోయిందని ఒకరోజు ఇవ్వడానికి వచ్చారండీ. మా వంటమ్మ భుజం నొప్పితో అవస్థ పడుతుంటే కూర్చుని కూరలు తరిగిపెట్టారు. అప్పట్నుంచి రోజూ వస్తున్నారు. పిల్లలకి వడ్డించాక మిగిలిందే, ఒక కంచం పెడుతున్నాం. ఆ పిల్ల మీ అమ్మాయని, ఈవిడ మీ అత్తగారని నాకు తెలియదు. తెలిసినా పెట్టేదాన్నే అనుకోండి."

ఆయన ఫోన్ జేబులో కుక్కుకున్నాడు. మొహం కందగడ్డ అయిపోయింది. చరచరా నడుచుకుంటూ వెళ్ళి బండెక్కేశాడు. సంఘం వాళ్ళిద్దరూ అటూ ఇటూ చూసి మెల్లిగా జారుకున్నారు.

సాయంత్రం ఇంట్లో టీవీ పెట్టలేదు. దాని వంతు కూడా ఆయనే అరిచాడు.

"నా పరువు తీసింది! సంఘం వాళ్ళ ముందు తలెక్కడ పెట్టుకోవాలి? మోటార్లాయన అత్తగారు బడిలో అన్నానికి కూర్చుందని ఊరంతా చెప్పుకుంటారు. బియ్యం డబ్బాకి నేనేమైనా తాళం వేశానా? ఈ ఇంట్లో ఆవిణ్ణి తినొద్దని ఎవరన్నారు?"

"మీరే!"

తన నోటినుంచి అంత గట్టిగా మాట వస్తుందని చిన్నికే తెలియదు. మడతపెడుతున్న బట్టలు మంచం మీద పడేసింది.

"రోజూ పొద్దున్న, సరిగ్గా మా అమ్మ కంచం ముందు కూర్చునే వేళకి మొదలెడతారు. ఊరికే తినేవాళ్ళు, కూర్చుని తినేవాళ్ళు, ఎవడబ్బ సొమ్మని! ఎన్నిసార్లు చెప్పానండీ మెల్లిగా అని? ఒక్కసారైనా విన్నారా?"

"నేను తిట్టింది టీవీలో వాళ్ళని! ప్రభుత్వాన్ని! ఆవిణ్ణి ఒక్క మాటన్నానా?"

"టీవీకి చెవుల్లేవు. మా అమ్మకి ఉన్నాయి."

"అలా అనుకుంటే నేనేం చెయ్యను? తప్పుగా అర్థం చేసుకుంటే నాదా తప్పు?"

గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నాన్నా, అమ్మమ్మ నన్ను అడిగింది" అంది. "పన్ను అంటే ఏంటని. సంపాదించేవాళ్ళు కట్టేది అని చెప్పాను. మరి నాకు సంపాదన లేదు, నేను పన్ను కట్టను, అయితే నేనూ ఊరికే తినేదాన్నేగా అంది. నాకు జవాబు తెలీలేదు. బడికి వస్తున్నట్టు మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

ఆయన చెయ్యి అలవాటుగా టీవీ రిమోట్ మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చింది.

లోపలి గదిలో బీరువా తలుపు కిర్రుమంది. చిన్ని పరుగున వెళ్ళింది. తల్లి నాలుగు చీరలు సంచిలో సర్దుకుంటోంది.

"ఏంటమ్మా ఇది?"

"మీ పెద్దక్క దగ్గరికి వెళ్తానే. అల్లుడుగారు మంచివాడు. ఆయన్నేమీ అనకు. కష్టపడే మనిషి, చిరాకు ఉంటుంది. నావల్ల మీరిద్దరూ పోట్లాడుకోకండి."

"అక్కడికి వెళ్తే అక్కడ తింటావా? ఇంకో వారానికి ఆ ఊళ్ళో బడి వెతుక్కుంటావు!"

కోపంలో అన్న మాటే గానీ తల్లికి చిన్నగా నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మంచం అంచున కూర్చుని, చీర మడత సవరిస్తూ, నెమ్మదిగా చెప్పింది.

"ఇక్కడ నువ్వు పెట్టలేదని కాదమ్మా. ముద్ద నోటిదాకా వెళ్తుంది, అంతలో టీవీలో ఆ మాట వినపడుతుంది. ఇక దిగదు. అక్కడ కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. కంచం పెడతారు, వడ్డిస్తారు, ముందుకి వెళ్ళిపోతారు. పక్కన కూర్చున్న పిల్ల ఎవరి పిల్లో, వాళ్ళ నాన్న ఏం చేస్తాడో ఎవరికీ పట్టదు. నాకూ అలాగే పెట్టారు. అందుకే కడుపునిండా తిన్నాను. ఆ పిల్లలు కూడా అందుకే తింటున్నారే. రేపు కాగితం తెచ్చినవాళ్ళు ఒకవైపు, తేనివాళ్ళు ఒకవైపు అంటే, సగంమంది నాలాగే ఆకల్లేదని లేచిపోతారు."

చిన్ని తల్లి ఒళ్ళో తలపెట్టి ఏడ్చేసింది. బియ్యం కలిసొచ్చాయని తను మురిసిపోయిన మాట గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది. కన్నకూతురై ఉండి, ఒకే ఇంట్లో ఉండి, ఎదురుగా కనపడుతున్న ఆకలి తెలుసుకోలేకపోయింది.

గది బయట ఎవరో నిలబడ్డ అలికిడి. అటు చూస్తే ఎవరూ లేరు. వీధి తలుపు వేసిన చప్పుడు మాత్రం వినపడింది.

ఆయన తిరిగొచ్చేసరికి భోజనాల వేళ దాటింది. షాపుకి వెళ్ళాడో, ఊరికే తిరిగాడో చెప్పలేదు. సంచి ఇంకా మంచం పక్కనే ఉంది. పొద్దున్న బస్సుకి వెళ్తానని తల్లి, వెళ్ళనివ్వనని కూతురు అప్పటికి పంతం పట్టి ఉన్నారు.

తెల్లవారింది. పాలు పొంగాయి. టీవీ పొంగలేదు.

ఆయన స్నానం చేసి వచ్చి, టేబుల్ దగ్గర తన కుర్చీ లాక్కోకుండా నిలబడ్డాడు. అటక తలుపు చూశాడు, కిటికీ చూశాడు, నీళ్ళు నమిలాడు. చివరికి గది గుమ్మం దాకా వెళ్ళాడు.

"అత్తయ్యా, అన్నానికి రండి."

"బస్సుకి టైమవుతోంది బాబూ..."

"నా నోటి దురుసుకి మీరు బస్సెక్కి వెళ్ళిపోతే, రేపు మీ కూతురు కూడా వెళ్తుంది. పిచ్చుకా వెళ్తుంది. నేను ఆ టీవీతో కాపురం చెయ్యాలి." నవ్వించాలనే అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు. "తప్పు నాదే అత్తయ్యా. ఎవరిమీదో కోపం, ఎక్కడో చూపించాను. పొద్దున్నుంచి ఈ ఇంటి చాకిరీ అంతా చేసే మనిషి ఊరికే తింటున్నానని అనుకుందంటే, నేనెలాంటి మాటలు మాట్లాడుతున్నానో నాకు ఇప్పటికి అర్థమైంది. సంఘం వాళ్ళకి కూడా చెప్పేశాను. ఆ కాగితాల తీర్మానం నేను పెట్టను. రోడ్డు సంగతి మాత్రం అడుగుతాను. అది వదలను."

"రోడ్డు అడగాల్సిందే" అంది అత్తగారు వెంటనే. "మొన్న ఆ బురదలో నా చెప్పు కూడా తెగింది."

పిచ్చుక ఫక్కున నవ్వింది. ఆవిడ లేచి వచ్చి టేబుల్ దగ్గర కూర్చుంది. గోడవైపు తిరగబోయి, ఆగి, అందరివైపే కూర్చుంది.

చిన్ని వడ్డించింది. ఎప్పటిలాగే చెయ్యి అడ్డం వచ్చింది, చిన్ని గరిట వెనక్కి తీసుకుంది. ఎదురుగా కూర్చున్న ఆయన అత్తగారి కంచం వైపు చూడబోయి, చూస్తే ఆవిడకి ముద్ద దిగదేమోనని చటుక్కున మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కిటికీలో ఆరేసిన తువ్వాలు తప్ప చూడటానికి ఏమీ లేదు. ఆ తువ్వాలునే ఎంతో శ్రద్ధగా చూస్తూ తన అన్నం తను తింటున్నాడు.

"తిన్నాక నేను బడికి వెళ్ళాలి బాబూ" అంది ఆవిడ. "ఇవాళ వాళ్ళకి ఆకుకూర రోజు. వంటమ్మ ఒక్కతే చెయ్యలేదు. అన్నం మాత్రం ఇంటికొచ్చే తింటాలే."

"నేను దింపుతాను" అన్నాడు ఆయన, తువ్వాలు వైపే చూస్తూ.

చిన్ని స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడింది. ఏమీ అడగకూడదని పళ్ళు బిగపట్టుకుంది.

"చిన్నీ" అని తల్లి పిలిచింది. "కూర బాగుందే. ఇంకాస్త ఉంటే వెయ్యి."

చిన్ని గిన్నె పట్టుకుని వచ్చింది. గరిట కంచంలోకి సరిగ్గా పడటానికి చాలాసేపు పట్టింది, ఆవిడకి కళ్ళ ముందు ఏమీ కనపడటం లేదు.