ఎడమవైపు వాలిన కుట్టు

ఆ రఫ్ఫు చేసినవాడు ఎడమచేతి వాటం మనిషే, అందులో సందేహం లేదు. చిరుగుల మీద తను అల్లే రఫ్ఫు ఎప్పుడూ కుడివైపు వాలుతుంది. ఆమె స్వెట్టరు మోచేతి దగ్గర వరసలన్నీ ఎడమవైపు వాలి ఉన్నాయి. పైగా ఉతికినప్పుడు బిగుసుకుపోకుండా ప్రతి వరస చివరా దారాన్ని చిన్న ఉంగరంలా వదిలాడు వాడెవడో. ఆ కిటుకు తనకొక్కడికే తెలుసని అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఒక చిరుగు దగ్గర అంత ఓపిగ్గా కూర్చున్నవాడు స్వెట్టరు కోసమే కూర్చోడు. ఆ సంగతి అతని కంటే ఎవరికి బాగా తెలుసు?

"మాస్టారూ, వింటున్నారా?" అందామె.

పాత జీన్స్‌తో సంచులు కుట్టే షాపులో ఉన్నారిద్దరూ. ఆమె నగరంలోని ఎథికల్ ఫ్యాషన్ షాపుల మీద గైడు రాస్తోంది. బట్టలు అద్దెకిచ్చేవాళ్లు, ఆకులతో రంగులద్దేవాళ్లు, కుట్టేవాళ్లకు సరైన జీతాలిస్తున్నామని గోడ మీద రాసుకునేవాళ్లు. గోడ మీదవన్నీ నిజాలు కావు గనక, బట్టను తిరగేసి నిజం చెప్పగల మనిషి ఆమెకు కావలసి వచ్చింది. అక్కతో కలిసి బట్టలు బాగుచేసే దుకాణం నడుపుతున్న అతను దొరికాడు. ఆరు నెలలుగా శనివారాలు షాపుల చుట్టూ తిరుగుతున్నారు. మిగతా సాయంత్రాలు ఆమె వచ్చి బల్లకు అవతల, అతనికెదురుగా కూర్చుని, అతని చేతులు చూస్తూ ప్రశ్నలు వేస్తుంది. ఏ బట్ట దొరికినా ముందు లేబులు చదువుతుందని అక్క ఆమెకు లేబుళ్ల పిల్ల అని పేరు పెట్టింది.

ఆ రఫ్ఫు కంటపడినప్పటి నుంచీ, పదిరోజులుగా, అతను మనుషుల ముఖాలు చూడటం మానేసి చేతులు చూస్తున్నాడు. అద్దె బట్టలాయన కుడిచేతివాడు. రంగులాయనా కుడిచేతివాడే. ఇద్దరి మీదా అతనికి హఠాత్తుగా గౌరవం పెరిగింది.

సంచులతను కత్తెర ఎడమచేత్తో పట్టుకున్నాడు.

ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి, జుట్టు మీద పడ్డ వాన చినుకులు తుడుచుకుంది. ఇప్పుడు తుడుచుకోవలసిన అవసరమేమొచ్చింది? దారిలో తనతో మాట్లాడినంతసేపూ ఆ చినుకులు అక్కడే ఉన్నాయి కదా. ఇది అసూయ అని అతనికి తోచలేదు. పనిలో శ్రద్ధ అనుకున్నాడు. తనను తాను మోసం చేసుకునేటప్పుడు మనసు మంచి మాటలే వెతుక్కుంటుంది.

బయటికొచ్చాక గొడుగు విప్పుతూ, సంచుల కుట్లు ఎలా ఉన్నాయని అడిగింది. మంచి కుట్లు. రెండేసి వరసలు, లోపలి అంచు కూడా మడిచి కుట్టినవి.

"ఆర్నెల్లు కూడా ఆగవు" అన్నాడు.

ఆమె అప్పటికప్పుడే షాపుల జాబితా విప్పి, పెన్ను తీసి ఆ షాపు పేరు కొట్టేసింది. గీత ఎంత తిన్నగా ఉందో అతను చూశాడు.

మర్నాడు దుకాణంలో ఒకే గుండీని మూడుసార్లు కుట్టి విప్పాడు. ఇస్త్రీ చేస్తున్న అక్క మెల్లగా కూపీ లాగింది. అంతా విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"దారం ముక్కను చూసి ఒక మనిషిని తయారు చేసుకున్నావు. వాడి మీద కోపంతో ఇంకొకడి పొట్ట కొట్టావు. రేపు ఆ గైడు అచ్చుకెళ్తుంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

చెబితే ఆమె ఇక రాదు. తన మాట మీద నమ్మకంతోనే ఇన్ని నెలలూ వచ్చింది. చెప్పకపోతే వస్తుంది, ఆ స్వెట్టరు వేసుకునే వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ తిన్నని గీత గుర్తొస్తుంది.

సాయంత్రం ఆమె వచ్చి తన చోట కూర్చోగానే అనేశాడు.

"ఆ సంచుల కుట్లు బాగున్నాయండీ. నేను అబద్ధం చెప్పాను."

ఆమె కాగితాల్లోంచి తలెత్తింది.

"మీరు చెప్పారని కొట్టేశాను."

"తెలుసు."

"ఎందుకు చెప్పారు?"

అతను ఆమె మోచేతి వైపు చూపించాడు. అది ఆ సంచులతను చేసిన రఫ్ఫే అనుకున్నానని, ఎడమచేతి వాటం గురించి, దారపు ఉంగరాల గురించి అన్నీ చెప్పుకొచ్చాడు. బయటికి అంటుంటే ఒక్కొక్కటీ ఎంత అల్పంగా ఉందో అతనికే వినబడింది.

ఇలా ఇంకెన్ని కొట్టేయించారని ఆమె అడిగింది. ఇదొక్కటే అన్నాడు. ఆమె షాపు పేరు మళ్లీ రాసింది. ముఖంలో కోపం పోలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి చేరింది. పెన్ను కుడిచేత్తో కింద పెట్టి, బల్ల మీది సూదిని ఎడమచేత్తో తీసుకుంది.

"ఆర్నెల్లు మీకెదురుగా కూర్చుని చూశాను. సూది నాకు ఏ వైపు కనిపించిందో ఆ వైపు చేత్తోనే పట్టుకున్నాను. ఈ రఫ్ఫును నాలుగుసార్లు విప్పి కుట్టాను. మీరు చూసి ఏమంటారోనని పదిరోజులుగా ఇదే స్వెట్టరు. మీరేమో ఒక్క మాటా అనలేదు."

ఇస్త్రీ బల్ల దగ్గర అక్క దగ్గింది. అతను ఆ మోచేతిని మళ్లీ చూశాడు. పదిరోజులుగా తను ద్వేషిస్తున్నది అద్దంలోని తన చేతినే.

"కుడిచేత్తో మళ్లీ నేర్చుకోమంటారా?" అందామె.

"వద్దండీ."

అతను లేచి, స్టూలు పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి, ఆమెకు ఎడమపక్కన వేసుకున్నాడు.

"ఇటు కూర్చుంటే కుట్టేటప్పుడు మీ కుడి మోచెయ్యి నా ఎడమ మోచేతికి తగులుతుంది మాస్టారూ."

అతను స్టూలును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.