పదిహేడో చీటీ

నిఘంటువు ఆఫీసులో నియమం ఒక్కటే. ఉదాహరణ వాక్యాన్ని సొంతంగా అల్లకూడదు. ఎవరో అనగా చెవులారా విన్నదే చీటీ మీద రాయాలి, కింద అన్నవారెవరో రాయాలి.

‘సెట్’ అనే మాట ఆ అమ్మాయి వంతుకొచ్చింది. అలారం సెట్ చేస్తాం, సిమెంటు సెట్ అవుతుంది, గిన్నెల సెట్టు కొంటాం, నాటకానికి సెట్ వేస్తాం. ఇలా పదహారు అర్థాలకు వాక్యాలు పట్టుకొచ్చింది. ప్రూఫులు దిద్దే అతను ఆమె ఓపికకు మనసులోనే దండం పెట్టాడు. దండం పెట్టడం ఆర్నెల్లుగా అలవాటే, పైకి చెప్పే ధైర్యమే లేదు.

ఈసారి మాత్రం గుండెల్లో రాయి పడింది. తొమ్మిది చీటీల కింద ‘అన్నవారు: మెట్ల మీద ఆయన’ అని ఉంది.

"ఎవరండీ ఈయన?"

"రోజూ టీ వేళకి మెట్ల దగ్గర కనిపిస్తారు," అంది తలెత్తకుండా.

"బాగా మాట్లాడతాడా?"

"వాగుతారు. కానీ ఒక్క మాటా పొల్లుండదు. ఎంతసేపైనా వినాలనిపిస్తుంది."

అతను ముఖం మాడ్చుకుని తన బల్ల దగ్గరికి వచ్చాడు. లోకంలోని తప్పులన్నీ దిద్దే మనిషి, ఉక్రోషంలో అసలు వాక్యాలే చదవలేదు. ఇప్పుడు చదివాడు. ‘వానలో తడిస్తే నా జుట్టు వారం దాకా సెట్ కాదు.’

మొన్న వానలో, మెట్ల మీద, ఆ మాట అన్నది తనే. మిగతా ఎనిమిదీ తనవే.

వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "మెట్ల మీద ఆయనకి మీరంటే చాలా ఇష్టమట."

"‘అట’లు ఇక్కడ చెల్లవండి. అన్నవాళ్ళ నోటి నుంచే వినాలి."

"నాకు మీరంటే ఇష్టం," అన్నాడు.

"ఆర్నెల్లు పట్టింది మీకు," అంది ఆమె. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

పక్క గదిలోంచి దగ్గు వినిపించింది. ఎడిటరుగారు, ఆ అమ్మాయికి స్వయానా మేనత్త, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పదిహేడో అర్థానికి వాక్యం దొరకలేదని సాయంత్రం కొట్టేద్దామనుకున్నా. రాసుకో. ‘వీళ్ళిద్దరికీ బాగా సెట్ అయింది.’"

అమ్మాయి సిగ్గుపడుతూనే చీటీ అందుకుంది. "అన్నవారు, ఎడిటర్ అని రాయనా?"

"మేనత్త అని రాయవే. రేపు మీ నాన్నతో మాట్లాడాల్సింది కూడా మేనత్తే."