చిలుక మహల్‌లో బుచ్చవ్వ

లెక్కల టీచర్ ఆన్‌లైన్ క్లాసు ముగించి "బై పిల్లలూ" అన్నారో లేదో, జమున వేలు మోతీ టాపూ బొమ్మ మీద వాలింది.

మోతీ టాపూ ఫోన్‌లో ఆడే ఆట. మోతీ టాపూ అంటే ముత్యాల దీవి. ఆ దీవిలో చేపలు పట్టాలి. చేపలు అమ్మి గవ్వలు సంపాదించాలి. గవ్వలతో చెక్కలూ మేకులూ కొని పడవ కట్టుకోవాలి. జమునకూ, పక్క గదిలో ఉండే వినోద్‌కూ కలిపి ఆ ఆటలో ఒకటే ఖాతా.

ఒకటే ఖాతా ఎందుకంటే, వాళ్ళ నాన్నలు చేసే పని అలాంటిది. జమున నాన్న పరమేశ్, వినోద్ నాన్న లక్ష్మీరాజం సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచెలు నడుపుతారు. సాంచెలంటే మరమగ్గాలు. పగలు లక్ష్మీరాజం నడిపిన సాంచెలనే రాత్రి పరమేశ్ నడుపుతాడు. అందుకే కార్ఖానాలో వాళ్ళను జోడీదార్లు అంటారు.

పరమేశ్ పగలు పడుకుంటాడు, కాబట్టి పగలు ఆయన ఫోన్ జమున చేతిలో ఉంటుంది. లక్ష్మీరాజం సాయంత్రం ఇల్లు చేరాకే వినోద్‌కు ఫోన్ దొరుకుతుంది. నాన్నలకు షిఫ్టులున్నప్పుడు పిల్లలకు ఉండవా మరి! పగటి షిఫ్టు జమునది, సాయంత్రం షిఫ్టు వినోద్‌ది. ఇద్దరూ ఆరో తరగతే అయినా, ఈ షిఫ్టుల విషయంలో మాత్రం పెద్దవాళ్ళకంటే పట్టుదల.

ఆటలో వాళ్ళకున్న ఆస్తి ఒక్కటే, ఒక పడవ. దాని పేరు బుచ్చవ్వ. అది వినోద్ నాయనమ్మ పేరు. ఆమె ఊళ్ళో ఉంటుంది. కరోనా వచ్చినప్పటి నుంచి వినోద్ ఆమెను చూడలేదు. అందుకే పడవకు ఆమె పేరు పెట్టి, ముందు భాగంలో పెద్ద ఎర్రబొట్టు కూడా దిద్దాడు. ఆ పడవలోని చెక్కలు చాలావరకు వాడు ఓపిగ్గా గాలం వేసి సంపాదించినవే.

ఆ రోజు జమున మనసు చేపల మీద లేదు, మహల్ మీద ఉంది.

మోతీ టాపూలో కొండ మీద బంగారు రంగు మహల్ ఒకటుంది. అది కేసినో. మెట్లెక్కగానే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. పైకప్పంతా గాజు. ఆ గాజులో నీలం చేపలు, పసుపు చేపలు మన తలల మీదుగా ఈదుతుంటాయి. గోడలకు ఒక్క కిటికీ ఉండదు, ఒక్క గడియారం ఉండదు. మధ్యలో గది ఎత్తున ఒక చక్రం, దాని పక్కన ఎర్రకోటు వేసుకున్న చిలుక.

"ఆయియే, మహారాణీ జీ!" అంటూ చిలుక నడుం వంచి సలాం చేస్తుంది. జమునను ఇంట్లో ఎవరూ మహారాణి అనరు. "గిన్నెలు కడిగినవా?" అంటారు. కాబట్టి చిలుక సలాం ఆమెకు బాగా నచ్చింది.

నిజం చెప్పాలంటే జమున ఉద్దేశం మంచిదే. బుచ్చవ్వకు ఒక దీపం గెలవాలి. దీపముంటే ఆటలో చీకటి పడ్డాక కూడా చేపలు పట్టుకోవచ్చు. సాయంత్రం వినోద్ వచ్చి చూసేసరికి పడవ మీద దీపం వెలుగుతుండాలి. వాడు నోరెళ్ళబెట్టాలి.

గుప్పెడు గవ్వలు పెట్టి చక్రం తిప్పింది. గవ్వలు రెట్టింపయ్యాయి! మళ్ళీ తిప్పింది. మళ్ళీ గెలిచింది. తెర నిండా బాణసంచా పేలింది.

'ఇంత సులువా! గాలం పట్టుకుని గంటలు గంటలు కూర్చునే వినోద్ ఎంత అమాయకుడు!' అనుకుంది జమున.

తర్వాత పోయాయి. ఇంకోసారి తిప్పితే ముల్లు దీపం బొమ్మ దాకా వచ్చి, వెంట్రుకవాసిలో ఆగిపోయింది. "అరెరే, కొద్దిలో తప్పింది!" అని చిలుక నుదురు కొట్టుకుంది. కొద్దిలోనే తప్పింది కదా, ఈసారి వచ్చేస్తుంది అనిపించింది జమునకు. అలా అనిపిస్తూనే గవ్వలన్నీ ఖాళీ అయ్యాయి.

"మహారాణీ జీ, రేవులో మీ పడవ ఉంది కదా?" అంది చిలుక మెల్లగా.

జమున వేలు ఆగింది. వెనకాల చాప మీద నాన్న దగ్గుతూ అటు తిరిగి పడుకున్నాడు. నాన్నకు కరోనా వచ్చి, చాలా రోజులు మంచాన పడి, ఇప్పుడిప్పుడే కోలుకున్నాడు. ఆ సాయంత్రమే మళ్ళీ పనికి వెళ్ళాలి.

'పడవ ఇద్దరిదీ కదా. గెలిస్తే దీపం ఇద్దరికీ వస్తుంది' అనుకుంది జమున. ఓడితే పోయేది కూడా ఇద్దరిదే అని మాత్రం అనుకోలేదు. నొక్కేసింది.

చక్రం తిరిగి తిరిగి ఖాళీ గడిలో ఆగింది. మహల్ పైనుంచి తాళ్ళు దిగాయి. చూస్తుండగానే బుచ్చవ్వ గాల్లోకి లేచి, మహల్ మధ్యలో దండకు గుచ్చిన పువ్వులా వేలాడింది, ఎర్రబొట్టుతో సహా.

"షుక్రియా, మహారాణీ జీ!" అంది చిలుక.

జమున ఫోన్ బోర్లించి పెట్టి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళిందంటే ఎంత భయపడిందో చూడండి.

సాయంత్రం పరమేశ్ మాస్కు కట్టుకుని బయలుదేరాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఇన్ని దినాలైపాయె. నా సాంచెలు నాకే ఉన్నయో, సేఠ్ ఇంకెవలకన్న ఇచ్చిండో" అన్నాడు. అమ్మ అన్నం డబ్బా చేతికిచ్చి, ఆయన మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడింది.

కాసేపటికి పక్క గదిలోంచి వినోద్ పరుగెత్తుకొచ్చాడు.

"జమునా! బుచ్చవ్వ ఏది? రేవుల లేదేంది?"

"తుఫాన్ వచ్చింది. కొట్టుకపోయింది" అంది జమున.

వినోద్ మొహం చిన్నబోయింది. అయినా, "తియ్, తుఫాన్ వస్తె నువ్వేం జేస్తవ్? నువ్వు గుబులు పెట్టుకోకు. మళ్ల కట్టుకుందాం" అని వెళ్ళిపోయాడు.

వాడు తిట్టినా బాగుండేది. ఆ రాత్రి జమునకు అన్నం సయించలేదు. వాడెప్పుడూ మహల్ మెట్లెక్కడు కానీ, ఒకవేళ ఎక్కితే?

తెల్లారి పరమేశ్ పని నుంచి వచ్చాడు. అలసిపోయి ఉన్నాడు. కానీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"సాంచెలు మనయి మనకే ఉన్నయా?" అని అడిగింది అమ్మ, చాయ్ అందిస్తూ.

"ఉన్నయ్! నేను పొయ్యేసరికి అన్ని నడుస్తనే ఉన్నయ్. ఒక్క పోగు తెగి లేదు. దూది దుమ్ము తుడిసి, కండెలు నింపి వరుసగ పెట్టిండు లక్ష్మీరాజం అన్న. నేను పోయి నిలవడుడే, బట్ట దిగుడే."

కండెలంటే దారం చుట్టిన గొట్టాలు. తెగిన పోగులూ ఖాళీ కండెలూ వదిలేసి వెళ్తే, తర్వాత వచ్చిన జోడీదారుకు సగం షిఫ్టు వాటితోనే సరిపోతుంది. ఈ సంగతి వాళ్ళుండే నవాగామ్‌లో ప్రతి పిల్లకూ తెలుసు.

పరమేశ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సేఠ్ నా జాగల కొత్త కారీగర్‌ను పెడ్తనన్నడట. అన్న ఒప్పుకోలేదట. 'నా జోడీదార్ వస్తడు, అందాక నేనే ఇంకింతసేపు నిలవడ్త' అన్నడట. తన పనయినంక మల్ల నా పని జేసిండు. రాత్రి పొద్దుపోయినంక వచ్చి మన గడప ముంగట పప్పుగిన్నె పెట్టిపోయెటోడు కద, గీ ముచ్చట ఒక్కనాడన్న చెప్పిండా? పొద్దుగాల చేతులు జోడిస్తె, 'ఏందిరా గిది, ఇంటికి పో' అని కసిరిండు."

చెబుతూ చెబుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ కూడా కొంగు కళ్ళకద్దుకుంది. వాళ్ళిద్దరూ ఏడుస్తున్నది సంతోషంతో. జమున మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది, అది వేరే ఏడుపు.

"ఏమైందే బిడ్డా?" అన్నాడు పరమేశ్ కంగారుగా.

జమున అంతా చెప్పేసింది. చక్రం, చిలుక, దీపం, బుచ్చవ్వ, రాని తుఫాను, ఏదీ దాచలేదు.

నాన్న కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు. "వినోద్‌గాడు షిఫ్టుకు వచ్చేసరికి వాని చేతికి ఏమిచ్చినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

జమున తల వంచుకుంది. "బాపూ, వానికి నువ్వు చెప్పవా?" అంది.

"నేనెందుకు చెప్త? నా జోడీదార్‌తోని నేను మాట్లాడుకున్న. నీ జోడీదార్‌తోని నువ్వు మాట్లాడుకో."

పక్క గది గుమ్మం నాలుగడుగుల దూరం. జమునకు మాత్రం అది స్టేషనంత దూరం అనిపించింది. వినోద్ గుమ్మంలో కూర్చుని చెప్పు తెగితే పిన్నీసు పెడుతున్నాడు.

"వినోద్, తుఫాన్ రాలేదు. నేనే మహల్‌ల పడవ పెట్టి ఓడిపోయిన. నీకు అబద్ధం చెప్పిన."

వినోద్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "మా నాయినమ్మను చిల్కకిచ్చినవా?" అన్నాడు.

వేరే రోజైతే ఆ మాటకు ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. "నేను నీ గురించి గుబులు పడ్డ, నువ్వు భయపడ్డవేమోనని" అన్నాడు వినోద్. చెప్పు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాడు షిఫ్టుకు రాలేదు.

మర్నాడు పగలు జమున ఆట తెరిచింది. పడవ లేదు కాబట్టి ఒడ్డు మీద కూర్చునే గాలం వేయాలి. ఒడ్డున పడేవి చిన్న చిన్న చేపలే. ఒక్కో చెక్క కొనడానికి బోలెడన్ని పట్టాలి. చేయి నొప్పి పుట్టింది, విసుగొచ్చింది. పాపం, వినోద్ ఇదంతా ఎలా చేశాడో! వాణ్ణి అమాయకుడు అనుకున్నందుకు తన మీద తనకే సిగ్గేసింది.

షిఫ్టు అయ్యేసరికి వచ్చినవి కొన్ని చెక్కలు. వాటిని రేవులో వరుసగా పేర్చింది. చిరిగిన వల కుట్టింది. గాలానికి ఎర గుచ్చి, తీసి వేయడమే తరువాయి అన్నట్టుగా పెట్టి ఫోన్ నాన్నకిచ్చేసింది.

మర్నాడు చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వినోద్ రానే లేదు. జమున ఇంకొన్ని చెక్కలు పేర్చింది. ఆ తర్వాతి రోజూ అంతే. వాడు వస్తాడో రాడో తెలియదు. అయినా ప్రతిరోజూ ఎర మార్చి, వల దులిపి, రేవు శుభ్రం చేసి మరీ లేచేది.

ఒక మధ్యాహ్నం ఆట తెరిచి కేకేసింది. చెక్కలు లేవు! వాటి జాగాలో పడవ అడుగు భాగం నిలబడి ఉంది. సగం పడవ! వినోద్ వచ్చాడు!

ఆ సంబరంలో ఉండగానే చిలుక రెక్కలు టపటపలాడిస్తూ రేవుకే వచ్చేసింది.

"మహారాణీ జీ! ఈ సగం పడవ పెట్టండి. గెలిస్తే బుచ్చవ్వ మీదే!"

ఒక్కసారి తిప్పితే చాలు. ఎర్రబొట్టు పెట్టుకున్న బుచ్చవ్వ సాయంత్రానికల్లా రేవులో ఉంటుంది. వినోద్ అన్నీ మరిచిపోతాడు. వేలు చక్రం బొమ్మ దాకా వెళ్ళింది.

కానీ ఈ చెక్కలు కొట్టింది వాడు. అంత కోపంలోనూ వచ్చి, పడవ అడుగు కట్టి, జమున షిఫ్టుకు వదిలి వెళ్ళాడు. తనను మళ్ళీ నమ్మాడు. ఆ సగం పడవను చూస్తే జమునకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వేలు పక్కకు జరిగి సుత్తి బొమ్మను నొక్కింది. చిలుక ఇంకో రెండుసార్లు సలాం చేసి, ఎవరూ పలకకపోయేసరికి ఎగిరిపోయింది. జమున షిఫ్టంతా పక్క చెక్కలు బిగిస్తూ కూర్చుంది.

సాయంత్రం గుమ్మం దగ్గర వినోద్ గొంతు వినిపించింది. చేతిలో ఫోన్ ఉంది.

"జమునా! చిల్క నా దగ్గరికి వచ్చి అడిగింది. సగం పడవ పెట్టమన్నది. నిన్ను సుత అడిగిందా?"

"అడిగింది."

"మరి నువ్వేమన్నవ్?"

"మొలలు కొట్టుడున్నది, నాకు టైం లేదన్న."

వినోద్ పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. "రేపు నీ షిఫ్టుకు తెడ్లు తయారుంటయ్, సూడు" అంటూ వెనక్కి తిరిగాడు.

"వినోద్!" అని పిలిచింది జమున. "థ్యాంక్స్."

"దేనికి? తెడ్లు ఇంకా చెయ్యనే లేదు."

"తెడ్లకు కాదు" అంది జమున. "మళ్ల షిఫ్టుకు వచ్చినందుకు."