గుండెల మీద కూర్చునే ఇల్లు

మా దీవిలో, మా ఊరి వెనక, కొబ్బరి ఎస్టేటు చివర, గుమస్తా ఇల్లని ఒకటుంది. ఎస్టేటు మూతపడి నలభై ఏళ్లయినా ఆ పేరు పోలేదు. సిమెంటు గోడలు, ఏ తుఫానుకీ చెక్కుచెదరవు. అయినా అందులో ఒక్క రాత్రి పడుకోమంటే మగధీరులు కూడా ఏదో పనుందని జారుకునేవాళ్లు.

పడుకుంటే గుండెల మీద ఏదో వచ్చి కూర్చుంటుందట. కాళ్లూ చేతులూ కదలవట... అరుద్దామంటే గొంతు పెగలదట. ఆ గుమస్తా, ఆయన భార్య అలాగే పోయారు. ఒంటి మీద చిన్న గాయం లేదు, కప్పుకున్న దుప్పటి కూడా చెదరలేదు.

ఇప్పుడు చెప్పేది ఉనైసికి జరిగింది. తను చెప్పింది చెప్పినట్టే చెబుతాను. మధ్యలో విలికేస అని ఒకడు వస్తాడు. వాణ్ణి తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

పెద్ద తుఫాను పోయి మూడో రోజు. ఊళ్లో సగం ఇళ్లకి కప్పుల్లేవు. బడి నిండిపోయింది, చర్చి నిండిపోయింది. దాని వెనకే ఇంకోటి వస్తోందని రేడియో చెప్పింది. గతిలేక ఉనైసి తన ఐదేళ్ల కూతురు వాసితిని ఎత్తుకుని, మేనమామ అపొరోస వెంట గుమస్తా ఇంటికి చేరింది. ఆమె మొగుడు ఓడలో, ఇంజను గదిలో పని చేస్తాడు. అప్పుడెక్కడో సముద్రం మీదున్నాడు. నాలుగో మనిషి అపొరోస కొడుకు విలికేస.

ఊరి జనరేటరుకి పెత్తనం ఈ విలికేసది. దాన్నీ, చేపల ఫ్రీజరునీ ఆ ఇంటికే చేర్చారు. మళ్లీ పడవలు వేటకి దిగేదాకా ఊరందరి తిండీ అందులోనే ఉంది.

విలికేస కిటికీలకి బయట నుంచి రేకులు కొట్టేశాడు. వీధి తలుపు గడియ విరిగిపోయిందని లోపలి నుంచి ఫ్రీజరు అడ్డం పెట్టాడు. బయటికి పోవడానికి ఇక మిగిలింది వెనక బట్టలుతికే గదిలో ఉన్న తలుపొక్కటే.

జనరేటరుని దూరంగా సీమపనస చెట్టు దగ్గర పెట్టి, పైన రేకు కప్పమన్నాడు ముసలాయన అపొరోస. విలికేస వింటేగా! వానకి తడుస్తుందన్నాడు, పొరుగూరి వాళ్లు ఎత్తుకుపోతారన్నాడు. తీసుకొచ్చి బట్టలుతికే గదిలో పెట్టాడు.

"అక్కడి కిటికీ జానెడు తెరిచే ఉంచా నాన్నా. పొగంతా అందులోంచి పోతుంది."

"నీ బుర్రలోకి ఆ జానెడు గాలి కూడా పోదు కదా బావా" అంది ఉనైసి.

అందరూ నవ్వారు. విలికేస జనరేటరు తాడు లాగాడు. బల్బు వెలిగింది.

చీకటి పడ్డాక గాలి మొదలైంది. తల్లీ కూతుళ్లు పక్క గదిలో చాప మీద పడుకున్నారు. హాల్లో తండ్రీ కొడుకులు యంగోనా గిన్నె ముందు కూర్చున్నారు. దంచిన వేరు నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పలతో తాగుతుంటే నాలుక మొద్దుబారుతుంది, ఒళ్లు బరువెక్కుతుంది, మాట తగ్గుతుంది. అందుకే తాగేది. ఉనైసి మాత్రం శనివారం ఆరాధన చేసే చర్చి మనిషి, వాళ్లకి మత్తు నిషిద్ధం, యంగోనా ముట్టదు.

చిప్ప ఖాళీ చేశాక మూడు చప్పట్లు కొట్టడం మా వాళ్ల మర్యాద. ఉనైసి పడుకునే వింటోంది. మూడు చప్పట్లు... మళ్లీ మూడు. కాసేపటికి విలికేస గొంతు ముద్దగా వినిపించింది.

"ఏం నాన్నా... అప్పుడే మత్తెక్కిందా?"

జవాబు లేదు. చప్పట్లు కూడా లేవు. గాలి... దాని వెనక ఇంజను గురగుర.

"అమ్మా, తలనొప్పి" అంది వాసితి.

ఉనైసికీ కణతలు పగిలిపోతున్నాయి. పిల్ల చాప మీదే కక్కుకుంది. మూతి తుడిచి, పడుకోబెట్టి, మంచినీళ్లు తెద్దామని లేవబోయింది —

లేవలేకపోయింది.

గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. వచ్చేసింది, అనుకుంది. ప్రార్థన మొదలుపెడితే రెండో మాట గుర్తు రాలేదు. పిల్లని కుదిపింది. పిల్ల కళ్లు తెరవలేదు.

"వాసితీ... వాసితీ..."

భయం అంటే ఏమిటో అప్పుడే తెలిసిందట ఆమెకి. తన ప్రాణం గురించి కాదు. ఆ పిల్ల లేవకపోతే, ఓడ దిగి వచ్చే మనిషికి ఏం చెప్పాలి?

చాప అంచు పట్టుకుని, పిల్లతో సహా ఈడ్చుకుంటూ, పాకుతూ హాల్లోకి వచ్చింది. బల్బు నిక్షేపంగా వెలుగుతోంది. విలికేస గిన్నె పక్కన ఒరిగి ఉన్నాడు. ముసలాయన గోడకి ఆనుకుని, తల వాల్చి కూర్చున్నాడు. యంగోనా మత్తు, అనుకుంది.

ఫ్రీజరుని నెట్టింది. కదలలేదు. భుజం పెట్టి నెట్టింది. అది కదలలేదు, ఆమే జారి పడింది. అలా పడి ఉన్నప్పుడు ఒక్క ఆలోచన తట్టింది — వీళ్లంటే తాగారు. నేను తాగలేదే. నా బిడ్డ తాగలేదే.

మరి మా ఇద్దరికీ ఈ మత్తెక్కడిది?

ఇంజను గదిలో గాలి పాడైతే వాసన కూడా తెలియదని, నిద్రొస్తున్నట్టే ఉండి మనిషి పోతాడని మొగుడు ఎప్పుడో చెప్పాడు. నొప్పి మొదలైంది బల్బు వెలిగాకే. గురగురమంటోంది బట్టలుతికే గది తలుపు అవతలే. బయటికి దారీ ఆ గదిలోంచే.

ఊపిరి బిగబట్టి తలుపు తోసింది. లోపల వేడి మొహాన కొట్టింది. తడుముకుంటూ మీట నొక్కింది. ఇంజను ఆగింది, ఇల్లంతా చీకటి. బయటి తలుపు గడియ ఎక్కడ... పైనా, కిందా... వేళ్లకి తగిలింది. తీసింది. వానా గాలీ ఒక్కసారిగా మీదపడ్డాయి.

హాల్లోంచి పిల్లని గడ్డి మీదికి లాగి, వీపు మీద చరిచింది. చరుస్తూనే ఉంది. ఎంతసేపటికో వాసితి దగ్గి, ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ ఉనైసి కూడా ఏడ్చింది.

మళ్లీ లోపలికెళ్లి విలికేస కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చింది. వాన మొహాన పడితే వాడు కళ్లు తెరిచి అన్న మొదటి మాట ఇది:

"ఇంజనెందుకు ఆపావ్? చేప పాడైపోతుంది."

"లే బావా. మామయ్యని తేవాలి, నా వల్ల కావట్లేదు."

"నాన్నకి మత్తెక్కింది. పడుకోనీ."

ఉనైసి గొంతు తగ్గించింది.

"మామయ్య తాగింది ఒక్క చిప్ప బావా. రెండోది నిండుగా ఆయన ముందే ఉంది."

మర్నాడు పెద్దలు యంగోనా వేరు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఆ ఇంటిని క్షమించమని అడిగారు. గుమస్తా ఇల్లు ఇంకొకర్ని మింగిందన్నారు. నీ తప్పేముందిరా అని విలికేస వీపు నిమిరారు. వాడు తలాడించాడు. ఉనైసి వాడి మొహం చూసింది.

ఇప్పటికీ మా ఊళ్లో ఎవరి జనరేటరు మోగినా ఒకడు వచ్చి గడప నుంచి ముప్పై అడుగులు కొలుస్తాడు. పొగగొట్టం ఇంటివైపుంటే తిప్పుతాడు. పిచ్చోడని నవ్వుతారు, నవ్వనీండి.

దెయ్యం మీదికి నెట్టేస్తే ఊరందరికీ సుఖం. కానీ ఆ రాత్రి మా గుండెల మీద కూర్చున్నదాన్ని లోపలికి మోసుకొచ్చి, తాడు లాగి లేపింది ఎవరో నాకు తెలుసు. అపొరోస మా నాన్న. ఆ విలికేస నేనే.