ఒకే ఇంటిపేరు

"ష్టైన్‌మెట్స్ పార్సిల్" అని కరగందా రైల్వే స్టేషన్ కౌంటర్లో పిలవగానే రెండు చేతులు ఒకేసారి దాని మీద పడ్డాయి.

"వదులు, అది నాది," అంది ఎల్వీరా.

"పిలిచింది నా ఇంటిపేరు," అన్నాడు ఆ కుర్రాడు.

"నాదీ అదే. దొంగతనానికి మంచి దారే కనిపెట్టావు."

విప్పి చూస్తే ఆడవాళ్ల బూట్లు. జర్మనీలో ఉన్న ఎల్వీరా మేనత్త పంపింది. "నాకు పట్టవులే" అని మర్యాదగా ఆమెకే ఇచ్చేశాడు. అతని పేరు రూడల్ఫ్. పక్క ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేస్తాడు.

మంచు కరిగేసరికి ఒకరిని చూడకుండా ఒకరు ఉండలేకపోయారు. రూడల్ఫ్ తన తాత గోట్‌లీబ్‌ని వెంటబెట్టుకుని సంబంధం అడగడానికి వచ్చాడు.

ఎల్వీరా నాయనమ్మ అమాలియా టీ పోస్తూ ఇంటిపేరు అడిగింది. విన్నాక కెటిల్ కింద పెట్టేసింది.

"అన్నాచెల్లెళ్లకి పెళ్లేమిటి?"

"రాళ్లు చెక్కేవాళ్లకి వచ్చిన పేరది, నాయనమ్మా. అలాంటివాళ్లు ఊరికొకరు ఉండేవారు," అంది ఎల్వీరా.

"జర్మనీలోని హెస్సే నుంచి వోల్గా ఒడ్డున మా గ్రూన్‌బాఖ్‌కి వచ్చింది ఒక్కడే. అక్కడ ఆ పేరున్నవాళ్లంతా వాడి రక్తమే. మీదే ఊరండీ?"

"గ్రూన్‌బాఖే," అన్నాడు గోట్‌లీబ్.

రూడల్ఫ్ తల వంచుకున్నాడు. నాయనమ్మ అతని ముందున్న కప్పు తీయబోయింది.

"ఆగండమ్మా," అన్నాడు గోట్‌లీబ్. "నేను ఆ రక్తం కాదు."

రూడల్ఫ్ తుళ్లిపడ్డాడు. "తాతయ్యా?"

"యుద్ధంలో మన జర్మన్లనందరినీ వోల్గా నుంచి ఇటు తోలేశారు కదా, ఆ రైల్లో మా అమ్మ పోయింది. తల్లిలేని పిల్లల్ని దించేసి అనాథాశ్రమానికి పంపుతున్నారు. సైనికుడు నా చెయ్యి పట్టుకున్నాడు. పక్కనున్న ఒకావిడ నన్ను తన కోటులోకి లాక్కుని, వీడు నా కొడుకు అంది. ఆవిడే కతరీనా ష్టైన్‌మెట్స్. మా సొంత ఇంటిపేరు నాకు గుర్తులేదు. చిన్నవాణ్ణి."

"మరి పెళ్లిళ్లలో నువ్వు చెప్పే హెస్సే ముత్తాతల కథలు?"

"నన్ను పెంచిన అమ్మ చెప్పినవే. వాళ్లంతా నావాళ్లే అనుకుని బతికాను. నోరు విప్పకపోతే ఈ పిల్లల బతుకు పాడవుతుంది. ఆ పేరు ఇక నాది కాదన్నా పడతాను."

నాయనమ్మ కళ్లొత్తుకుంది.

"కాదని ఎవరన్నారు? కడుపున మొయ్యకపోయినా కోటులో దాచి మోసింది. నీ పేరు నీదే." కేకు పళ్లెం ఆయన ముందుకు తోసింది. "తిను. రేపు పాస్టర్‌తో మాట్లాడదాం."

పెరట్లోకి వచ్చాక రూడల్ఫ్ ఇంకా ముభావంగానే ఉన్నాడు.

"నా అసలు ఇంటిపేరేమిటో నాకే తెలియదు. అలాంటివాణ్ణి చేసుకుంటావా?"

ఎల్వీరా అతని చెయ్యి అందుకుంది. "పెళ్లయ్యాక ఇంటిపేరు మార్పించుకోవడానికి పాస్‌పోర్టు ఆఫీసు క్యూలో నిలబెట్టని మొగుడు నాకు ఇంకెక్కడ దొరుకుతాడు?"

ఆ రోజు మొదటిసారి అతను నవ్వాడు.