ఎర్రమ్మలకు తొలి తట్ట

తొట్టిలో ఎరుపు తగ్గిపోతోంది.

డాక్టర్ జ్యోత్స్న గాజు గ్లాసుతో నీళ్ళు ముంచి వెలుతురుకి పట్టి చూసింది. నిన్నటిదాకా దానిమ్మ గింజల్లా ఉన్న గుళికలు ఈవేళ ఉడికి వెలిసిన కందిపప్పులా ఉన్నాయి. చాలా గుళికలు పగిలి పొరలుగా తేలుతున్నాయి. గోడ మీద మీటరులో అమ్మోనియా అంకె పైకి పోతూనే ఉంది.

పెదదిబ్బ ఊరు ఆ గుళికల మీదే నిలబడి ఉంది. సముద్రం నేల కిందుగా పాకివచ్చి బోర్లన్నీ ఉప్పెక్కాక, ఊరివాళ్ళు తాగడానికి ట్యాంకర్ నీళ్ళు తెచ్చుకుని మిగతా అన్నిటికీ ఆ ఉప్పునీళ్ళే వాడారు. వాడిన నీళ్ళన్నీ కాలువ వెంట ఈ మురుగు శుద్ధి ప్లాంటుకి వస్తాయి. మురుగులో అమ్మోనియా ఉంటుంది. దాన్ని తిని, మనం పీల్చే గాలిలో ఉండే నైట్రోజన్‌గా మార్చి వదిలే బాక్టీరియా కూడా ఉన్నాయి. అయితే మామూలు బాక్టీరియా ఉప్పుకి ఆగవు. మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగి ముక్క ముడుచుకుపోతుంది కదా, వాటి గతీ అంతే. అవి చచ్చిన ఏడాది శుద్ధికాని మురుగు పారి మడ అడవి కాలువ నిండా పీతలు వెల్లకిలా తేలాయి. సగం ఊరు వలసపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే మిగిలిన సగాన్నీ ఖాళీ చేయిస్తామని అధికారులు చెప్పి వెళ్ళారు.

అప్పుడు జ్యోత్స్న తన యంత్రంతో వచ్చింది. దాని పేరు సెలైన్ ట్రైనర్. అది బాక్టీరియా ఉన్న నీటిలో ఉప్పు చిటికెడు చిటికెడుగా పెంచుతుంది. అవి తట్టుకోకపోతే ఆగుతుంది, కోలుకున్నాక మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ బాక్టీరియా పెరగడమే బహు నిదానం, అందుకని ఏళ్ళు పట్టింది. చివరికి అవి ఒంట్లో ఒక పదార్థం కూడబెట్టుకోవడం నేర్చాయి. బయటి ఉప్పు ఎంత లాగినా లోపలి నీరు పోకుండా అది పట్టి ఉంచుతుంది. ఎర్రగా గుళికలు కట్టి బతికాయి. పీతలు తిరిగొచ్చాయి. జనం వాటికి ఎర్రమ్మలని పేరుపెట్టి తొట్టి గట్టుకి పసుపు రాశారు.

నిన్న పెదదిబ్బకి పై నుంచి నది నీళ్ళు పైపులో వచ్చాయి. సముద్రం ఇంకా లోపలికి రాకుండా ఉప్పు బోర్లన్నిటినీ సిమెంటుతో మూసేశారు. జ్యోత్స్న నిన్న పొద్దుటి నుంచీ ఆ నీళ్ళు వదిలే ప్రారంభ సభలోనే ఉంది. నది నీళ్ళు ఊళ్ళోకి వచ్చినా, వాటిని ఎర్రమ్మలకు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలని, అందాకా కొత్త మురుగును పాత ఉప్పు చెరువు నీళ్ళతో కలిపి పంపాలని అన్నీ సిద్ధం చేసుకుంది. ఎక్కడ తప్పిందో ఆమెకి అర్థం కాలేదు.

ప్లాంటు ఆపరేటర్ నాంచారయ్య గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"తిరపతమ్మత్త వాళ్ళు వచ్చారండి, నిన్న," అన్నాడు. "కొత్త లైనుకి గొట్టం తగిలించారు. మధ్యాహ్నం దాకా వదిలాం."

"ఎందులోకి?"

అతను తొట్టివైపు చూశాడు.

తిరపతమ్మని పిలిపించారు. ఊళ్ళో ఆవిడ మాటే మాట. వస్తూ వస్తూ ఎర్రమ్మలకని మందారాలు తెచ్చింది. జ్యోత్స్న గ్లాసు చూపిస్తే, కళ్ళు చికిలించి చూసి, రంగు వెలిసిందేమిటని అడిగింది.

"చచ్చిపోయాయి మామ్మా. నానబెట్టిన సెనగ ఉబ్బి పగిలినట్టు పగిలిపోయాయి. ఉప్పు లేని నీళ్ళు ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయాయి. ఎవరు చెప్పారు మీకు, వాటికి తియ్యనీళ్ళు కావాలని?"

"నువ్వే గదమ్మా."

"నేనా?"

"మీటింగులో చెప్పలా? మనలాగే అవీ ఉప్పులో అల్లాడతన్నాయి, మనలాగే ఓర్చుకుంటన్నాయి, వాటిని మర్చిపోకండి అని. నాకు ఏడుపొచ్చింది కూడాను."

చెప్పింది నిజమే. బాక్టీరియా అంటే మొహం చిట్లించే జనానికి అర్థం కావాలని ప్రతి సభలోనూ అలాగే చెప్పింది. పెదదిబ్బలో పడవ ఒడ్డుకొస్తే మొదటి తట్ట చేపలు పడవవాళ్ళ ఇళ్ళకి పోవు. ఒడ్డునే ఉండి వలలు బాగుచేసినవాళ్ళకి పోతాయి. అలాగే, ఊరి కోసం ఉప్పులో పడి ఉన్న ఎర్రమ్మల్ని పక్కనపెట్టి ముందు తాము తియ్యనీళ్ళు తాగడం ఎవరికీ మనసొప్పలేదు. నిన్న మధ్యాహ్నం దాకా ఊళ్ళో ఒక్కరూ ఆ కొత్త నీళ్ళు గుక్కెడు తాగలేదని నాంచారయ్య చెప్పాడు.

తిరపతమ్మ మందారాలు గట్టు మీద పెట్టబోయి, మళ్ళీ కొంగులోనే వేసుకుంది.

తొట్టి అడుగున ఒక మూల, తియ్యనీళ్ళు అంతగా చేరని చోట, గుప్పెడు గుళికలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. వాటిని బతికిస్తే మళ్ళీ పెరుగుతాయి. వాటికి కావలసింది పాత ఉప్పే, పాత మోతాదులోనే. పాత ఉప్పు చెరువులో నీళ్ళు చూస్తుండగానే అయిపోయాయి. తొట్టి దగ్గర బస్తాలు కుమ్మరిస్తే ఉప్పు అడుగున రాయిలా పేరుకుంది, చుట్టూ ఉన్న గుళికలు మాడిపోయాయి. అది కాలువ పొడవునా కరుగుతూ కలుస్తూ రావాలి. సెలైన్ ట్రైనర్ ఊరి మురుగంతటికీ చాలదు, ఉప్పు కలిపే పెద్ద యంత్రం వచ్చేదాకా ఇంటింటా చేతులే దిక్కని తేలింది. ఎండుచేపల షెడ్ల నుంచి కల్లుప్పు బస్తాలు బండ్ల మీద వీధుల్లోకి వచ్చాయి. తూముకి వదిలే ప్రతి బకెట్టులో ఒక్క పిడికెడు. ఈసారి జ్యోత్స్న పోలికలేవీ చెప్పలేదు. పిడికెడు, అంతే, అని గడప గడపకీ వెళ్ళి చెప్పింది. ఎన్నాళ్ళకో వచ్చిన తియ్యనీళ్ళలో ఆడవాళ్ళు తమ చేతులతోనే ఉప్పు కలిపారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

మొదట అమ్మోనియా అంకె నిలబడింది. తరవాత వెంట్రుకవాసి దిగింది. నాంచారయ్య ఆ సంగతి చెప్పడానికి వీధిలోకి పరిగెత్తాడు.

ఆ వారమే ఉప్పు మీటరులో అంకె పెరగడం మొదలైంది.

జ్యోత్స్న సెన్సర్ మార్చి చూసింది. తప్పు సెన్సర్‌ది కాదు. కాలువ వెంట ఎదురు నడుస్తూ తిరపతమ్మ పెరటి దాకా వచ్చింది. ముసలావిడ బకెట్టు ముందు కూర్చుని, నీళ్ళలో వేలు ముంచి నాలికకి రాసుకుని చూస్తోంది. చూసి, ఇంకో పిడికెడు తీసింది.

"మామ్మా, వేశారు కదా."

"వేశానా?" తిరపతమ్మ చేతిలో ఉప్పు వంక చూసింది. "ఏమోనమ్మా. వేసినట్టే ఉంటది, వెయ్యనట్టే ఉంటది. నాలిక్కి రుచి తెలిసి చావట్లేదు. మర్చిపోతే మళ్ళీ నా చేతులతో చంపినట్టేగా? అందుకని ఇంకోసారి వేస్తన్నా."

జ్యోత్స్న ఆవిడ పిడికిలి పట్టుకుంది. ఉప్పు వేళ్ళ సందుల్లోంచి నేల మీదికి రాలుతోంది. ఎక్కువైనా చచ్చిపోతాయని చెప్పాలి. చెబితే రేపటి నుంచి ఆ భయంతో అసలు వెయ్యడం మానేస్తుందేమో. ఈ ఊళ్ళో తను చెప్పిన మాట ఏదీ ఊరికే పోదు.

ఇంకా నోరు తెరవకముందే పక్కింటి పెరట్లో ఎవరిదో గొంతు వినిపించింది.

"ఇందాక వేశావటే, పిల్లా?"

"ఏమో అత్తా, గుర్తులేదు."

"అయితే నేనూ ఒక పిడికెడు వేస్తన్నా. తక్కువైతే కష్టం."